ఊడదీసిన కేబులు, వెలిగిన ఎర్ర గడి

ఇది రాయకుండానే ఉండిపోదామనుకున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పాను, పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, అంతటితో సరిపోతుందనుకున్నాను. కానీ ఈ మధ్య మదీనాగూడ మెయిన్ రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర విన్న మాట నన్ను కూర్చోబెట్టి రాయిస్తోంది.

ఏసీ మెయింటెనెన్స్ యూనిఫాంలో ఇద్దరు మనుషులు టీ తాగుతున్నారు. ఒకతను ఏదో జాగ్రత్త చెబుతుంటే, కొత్తగా పనిలో చేరినట్టున్న రెండో అతను నవ్వేశాడు. “ఆ బిల్డింగ్ టవర్ల మనకేం ఫికర్ లేదన్నా. లోపల మనిషి ఉన్నడంటే ఫ్యాన్‌ని అదే ఆపుతదంట” అన్నాడు.

ఏ బిల్డింగని అడిగాను. చెప్పాడు. నీకెవరు చెప్పారని అడిగాను.

“అందరు చెప్తున్రు మేడం. అండ్ల ఎవరో ఉన్నరంట. మంచోళ్లేనంట.”

వాళ్లు చెప్పుకుంటున్న ఆ రోజు ఆ టవర్ పక్కన కూర్చున్నది నేను. ఫ్యాన్ తిరగకుండా ఆగిన మాట నిజం. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. తెలియని దాన్ని నమ్ముకుని ఇంకో మనిషి లోపలికి దిగితే మళ్లీ అలాగే ఆగుతుందని ఎవరూ చెప్పలేరు. అందుకే జరిగింది జరిగినట్టు, పెంచకుండా తుంచకుండా, ఒక చోట పెట్టాలనిపించింది.

ముందుగా ఒక మాట. దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. బోరబండలో మేము కిరాయికున్న రేకుల ఇంట్లో పైన ఎవరో నడుస్తున్నట్టు చప్పుడయ్యేది. మా అమ్మ గుమ్మానికి నిమ్మకాయ కట్టింది. ఎండకు సాగిన రేకు, చల్లబడ్డాక ముడుచుకుంటూ చప్పుడు చేస్తుందని మా పేట లైబ్రరీలో ఒక పిల్లల సైన్సు పుస్తకంలో చదివి వచ్చి, అమ్మకు వివరించాను. అమ్మ నిమ్మకాయ తీయలేదనుకోండి. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక ధైర్యం వచ్చింది. ఏ చప్పుడుకైనా ఎక్కడో ఒక పుస్తకంలో జవాబు ఉంటుందన్న ధైర్యం.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేశాను. అంతకు మించి కాలేజీ చదువు లేదు. మిగిలిందంతా లైబ్రరీలోనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టినా వదలకుండా చదివాను. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను. కంట్రోల్ ప్యానెళ్లకు వైరింగ్ చేసే ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పని చేస్తున్నాను. మా మేస్త్రీ నర్సింగరావు. సంగారెడ్డి వైపు మనిషి, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. నేనాయన్ని నర్సింగన్న అంటాను, ఆయన నన్ను ఉమమ్మ అంటాడు.

హైటెక్ సిటీ వెనకవైపు ఉన్న ఒక ఆఫీసు భవనం నుంచి మాకు పిలుపు వచ్చింది. ఆ భవనం పేరు రాయను. అక్కడి మెయింటెనెన్స్ చూసే ఇంజనీరు మూర్తి గారు కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఎవరితోనైనా అండీ అనకుండా మాట్లాడరు. ఆయన బాధ ఏమిటంటే, టెర్రస్ మీదున్న కూలింగ్ టవర్లలో ఒక దాని ఫ్యాను తనంతట తాను తిరగడం, తనంతట తాను ఆగడం.

కూలింగ్ టవరంటే తెలియనివారికి చెబుతాను. అంత పెద్ద భవనంలో ఏసీ లాగేసిన వేడంతా నీళ్లలోకి చేరుతుంది. ఆ నీళ్లను టెర్రస్ మీద ఒక గదంత పెట్టెలో జల్లులా కురిపించి, పైన పెద్ద ఫ్యానుతో గాలి లాగి చల్లారుస్తారు. ఫ్యాను రెక్క ఒక్కొక్కటి మనిషి పొడవు ఉంటుంది. పెట్టెకు పక్కన చిన్న తలుపుంటుంది. శుభ్రం చేసే మనిషి ఆ తలుపులోంచి దూరి, ఫ్యాను కిందే నిలబడి పని చేయాలి.

సెక్యూరిటీవాళ్ల దగ్గర అప్పటికే ఒక కథ తయారైంది. భవనం కట్టేటప్పుడు పై అంతస్తు నుంచి ఒక కూలీ పడిపోయాడని ఒకరు, బండలు పేల్చేటప్పుడు అక్కడున్న మైసమ్మ గద్దెను కదిలించారని ఇంకొకరు. ఆ కూలీ ఏ ఊరి మనిషి, పేరేమిటి అని అడిగాను. ఎవరికీ తెలియదు. గద్దె ఎక్కడుండేదని అడిగితే తలా ఒక దిక్కు చూపించారు. ఈ ప్రాంతంలో ఎత్తయిన ప్రతి భవనానికీ ఇలాంటి కథ ఒకటి వెతికితే దొరుకుతుందని నా అభిప్రాయం.

నేను వెతికింది వేరే దాని కోసం. బేస్‌మెంట్‌లో మెయిన్ ప్యానెల్, దాని పక్కన ఒక స్క్రీను ఉన్నాయి. టెర్రస్ మీద ఒక చిన్న పెట్టె ఉంది. నీళ్ల వేడి ఎంత, మట్టం ఎంత అన్న సమాచారాన్ని ఆ పెట్టె ఒక నెట్‌వర్క్ కేబుల్ మీద కిందికి పంపుతుంది. ఆ అంకెలను బట్టి కింది ప్యానెల్ ఫ్యానును తిప్పుతుంది, ఆపుతుంది. కేబులు షీల్డు ఉన్న రకం. అంటే లోపలి సన్నని వైర్ల చుట్టూ రేకు, జాలీ తొడుగు ఉంటాయి. బయట మోటార్లూ లిఫ్టులూ చేసే విద్యుత్ గోలను ఆ తొడుగు తన మీదికి తీసుకుని భూమిలోకి పంపేస్తే, లోపలి వైర్లు తమ మాటలు తాము ప్రశాంతంగా మాట్లాడుకుంటాయి.

అయితే ఆ తొడుగును భూమికి ఎక్కడ కలపాలన్నది పెద్ద తగాదా. లైబ్రరీలో నేను చదివిన ఒక పుస్తకం ఒక్క చివరే కలపమంది. ఇంకొకటి రెండు చివరలా కలపాల్సిందే అంది. చాలా రోజులు ఈ రెండింటి మధ్యా నలిగాను. చివరికి అర్థమైంది, రెండూ నిజమే. రెండు చివర్ల దగ్గరా భూమి ఒక్కటే మట్టంలో ఉంటే రెండు చోట్లా కలపడం మంచిది. మట్టాలు వేరైతే మాత్రం కీడు. రెండు నీళ్ల ట్యాంకులకు మధ్య పైపు వేశామనుకోండి. రెండింటిలో నీళ్లు సమంగా ఉంటే పైపులో కదలిక ఉండదు. ఒకటి నిండి, ఒకటి వెలితిగా ఉంటే పైపులో నీళ్లు పారుతూనే ఉంటాయి. తొడుగులో కరెంటు కూడా అలాగే పారుతుంది. కాపలా పెట్టిన తొడుగే గోల మొదలుపెడుతుంది.

మన దగ్గర ఇళ్ల వైరింగ్ చేసి వచ్చినవాళ్లకు ఒక అలవాటుంది. ఎర్త్ ఎంత ఎక్కువ కలిపితే అంత పుణ్యం అనుకుంటారు. టెర్రస్ మీద పెట్టె బిగించినవాళ్లు దగ్గరలో కనిపించిన లోహపు పట్టీకి కేబుల్ తొడుగును కూడా తగిలించేశారు. అది పిడుగుల కోసం వేసిన పట్టీ. కింద తొడుగు ప్యానెల్ ఎర్త్‌కు కలిసి ఉంది. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూస్తే తొడుగులో కరెంటు పారుతోంది. లిఫ్టులు కదిలినప్పుడల్లా ముల్లు ఊగుతోంది. అప్పుడల్లా అంకెలు కిందికి అందక ఫ్యాను ఆగిపోతోంది, అందగానే మళ్లీ తిరుగుతోంది.

“దయ్యం దొరికిందా ఉమమ్మా?” అన్నాడు నర్సింగన్న.

“దొరికింది. పిడుగు పట్టీకి వేలాడుతున్నది.”

మూర్తి గారు హాయిగా నవ్వారు. రెండు చివర్ల ఎర్త్‌నూ మందమైన రాగితో కలిపేయడం అసలు పద్ధతి. దానికి పై అనుమతులు రావాలి కాబట్టి, ప్రస్తుతానికి పైన తొడుగును విప్పి కింద మాత్రమే ఉంచుదామని నిర్ణయించాం. ఎలాగూ ఆ టవర్ ఆగుతుంది కదా, అదే రోజు కడిగించేద్దామండీ అన్నారాయన. అలా రెండు పనులు ఒకే రోజు పడ్డాయి.

టవర్ కడిగే మనిషి పేరు యాదగిరి. శేరిలింగంపల్లి వైపు భవనాల్లో ఆయనకు తెలియని టవర్ లేదు. లోపలికి దిగే ముందు, టవర్ పక్కనే ఉన్న ఫ్యాను స్విచ్చు పిడిని కిందికి లాగి, దాని మీద తన ఎర్ర తువ్వాల వేస్తాడు. తువ్వాల ఉన్నంతసేపు ఆ పిడిని ఎవరూ ముట్టరు. బయటికొచ్చాక తువ్వాల తీసుకుని, పిడి పైకి ఎత్తి, కిందికి చెబుతాడు. పాతకాలంలో ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాళ్లట. ఈ కొత్త స్విచ్చుల్లో పీకడానికి ఏమీ లేదు కాబట్టి తువ్వాల వచ్చింది. తాళం వేసే ఏర్పాటు అక్కడ ఉన్నా ఎవరూ వాడలేదు. ఆయన తువ్వాల మీద అందరికీ అంత గురి.

ఆ పొద్దున ఎండ గట్టిగా ఉంది. టెర్రస్ మీద నేను, యాదగిరన్న ఇద్దరమే. కింద బేస్‌మెంట్‌లో నర్సింగన్న, మూర్తి గారు. నేను పని చేయాల్సిన ఆ చిన్న పెట్టె గోడ వారగా ఉంది. దాని ముందు కూర్చుంటే టవర్ నా వీపు వెనక ఉంటుంది. పెట్టెకు కరెంటు తీసేశాను. కేబుల్‌కు ఉన్న పాత ప్లగ్గు లోహపు ఒంటిది, తొడుగు దాని ద్వారానే పట్టీకి కలుస్తోంది. ప్లగ్గును కోసేశాను. కొత్తది వేయడానికి తొడుగును వెనక్కి ఒలుస్తున్నాను. అంటే ఆ నిమిషంలో పైనున్న పెట్టెలో ప్రాణం లేదు, కేబులు దేనికీ తగిలి లేదు. చివర తెగిన వైర్లు నా చేతిలో ఉన్నాయి. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి.

యాదగిరన్న బయటికొచ్చాడు. చెమటకు తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు, తలకు చుట్టుకున్నాడు, పిడి ఎత్తాడు. వాకీటాకీలో “కడుగుడు అయిపోయింది సార్, తువ్వాల తీసిన” అని చెప్పడం నేనూ విన్నాను.

“ఏం చెల్లె, నీ దారాలల్లుడు ఇంక కాలేదా?” అన్నాడు నన్ను దాటుతూ.

“నువ్వు గోడలు రుద్దుతవ్, నేను వెంట్రుకలు దువ్వుతున్న. తొందరెట్ల అయితది?” అన్నాను. నవ్వుతూ వెళ్లిపోయాడు. మెట్ల వైపు వెళ్లాడనుకున్నాను.

కింద నర్సింగన్న ఫ్యానును ఒక్కసారి తిప్పి చూడాలనుకున్నాడు. రెక్కలకు పట్టిన సున్నం రాల్చాక అవి సమంగా తిరుగుతున్నాయా, ఊగుతున్నాయా అని చూడటం మామూలే. మోటారుకు కరెంటు కింద స్టార్టరు నుంచే నేరుగా వస్తుంది. నెట్‌వర్క్ కేబులు ఉన్నా లేకపోయినా, చేతి బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది.

పక్క టవర్ల హోరులో నా ఫోను మోగింది వినబడలేదు, జేబులో అదిరితే తెలిసింది. నర్సింగన్న.

“ఉమమ్మా, పైన టవర్ తలుపు తెరిచున్నదా ఏంది?”

లేదన్నా, యాదగిరన్న కిందికొస్తున్నడు అనబోతూ వెనక్కి తిరిగాను. తలుపు తెరిచే ఉంది. దాని ముందు ఆయన చెప్పులున్నాయి. స్విచ్చు పిడి పైకి ఉంది. దాని మీద తువ్వాల లేదు.

ఆ తర్వాత నేను ఏమన్నానో నాకు సరిగా గుర్తులేదు. “ఒత్తకు, ఒత్తకన్నా, మనిషున్నడు” అని అరిచానని నర్సింగన్న చెబుతాడు. పరుగెత్తి పిడి కిందికి లాగి, టవర్ రేకు మీద రెండు చేతులా బాదాను.

లోపలి నుంచి యాదగిరన్న తల బయటపెట్టాడు. తువ్వాల ఇంకా తలకే చుట్టి ఉంది, చేతిలో ఇనుప బ్రష్షు. “గంతగనం మొత్తుకుంటవేందే? బ్రష్షు మర్చిన. అది లోపలుంటే రెక్కలు ఇరుగుతయి గదా” అన్నాడు.

బయటికొచ్చి, అలవాటుగా తలుపు మూసి గడియ పెట్టాడు. ఫోను ఇంకా నా చేతిలో తెరిచే ఉంది. దాంట్లోంచి నర్సింగన్న గొంతు వినబడింది. “మల్ల బూడిద రంగైంది సార్, సూడుండ్రి” అంటున్నాడు మూర్తి గారితో.

నీకెట్లా తెలిసిందన్నా, తలుపు సంగతి? అని అడిగాను.

“ఎట్లేంది? స్క్రీన్ మీద ఎర్రగ వచ్చింది గదా, డోర్ ఓపెన్ అని.”

యాదగిరన్న అప్పటికి విషయం అర్థం చేసుకుని టవర్ నీడలో చతికిలబడ్డాడు. తర్వాత పిడి వైపు చూసి, తన తల తడుముకుని, తువ్వాల విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. “పాతికేండ్లల్ల ఒక్కనాడు ఇట్ల కాలే చెల్లె. ఒక్క నిమిషం పని అనుకున్న” అన్నాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది అప్పుడు ఇంటరు పరీక్షలు రాస్తోంది. ఆ అమ్మాయి పేరు రెండు మూడుసార్లు పలికాడు, నాతో కాదు, ఊరికే.

నేను తిరిగి వెళ్లి నా పెట్టె చూశాను. కరెంటు లేదు. కేబుల్ చివర నేను వదిలినచోటే వేలాడుతోంది, తెగిన వైర్లతో.

ఇంకో సంగతి అప్పుడే గుర్తుకొచ్చింది. ఆ టవర్ తలుపుకు స్విచ్చే లేదు. తలుపు తెరిస్తే స్క్రీను మీద తెలిసేలా ఒక స్విచ్చు పెట్టాలని మొదటి డ్రాయింగుల్లో ఉంది. దానికోసం స్క్రీను మీద ఒక గడి కూడా గీశారు. కానీ స్విచ్చు ఎన్నడూ రాలేదు. దాని వైర్లు నా పెట్టెలోనే చుట్ట చుట్టి, టేపు వేసి పడి ఉన్నాయి. అది మొదటి నుంచీ చచ్చిన గడి. ఎప్పుడు చూసినా బూడిద రంగే.

మూర్తి గారిని, నర్సింగన్నను విడివిడిగా అడిగాను. ఒకే సంఘటన చూసినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి అడిగితే ఒకరి జ్ఞాపకం ఇంకొకరిదైపోతుందని నేనెక్కడో చదివాను. ఇద్దరూ అదే గడిని వేలు పెట్టి చూపించారు. ఇద్దరూ ఎరుపే అన్నారు. నేను ఫోనులో అరిచినప్పుడు ఎర్రగా ఉందని, కాసేపటికి దానంతట అదే మారిందని ఇద్దరూ చెప్పారు.

మూర్తి గారు సంధ్యావందనం చేసే మనిషే కానీ, ఇలాంటివి చెప్పుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. “నేను చూశానండి ఉమ గారూ. ఎలా వచ్చిందంటే చెప్పలేను. చూడలేదని చెప్పమంటే అది కూడా చెప్పలేను” అన్నారు.

మర్నాడు ఆ స్క్రీనుకు ప్రోగ్రాం రాసిన ఫర్హాన్ అనే అబ్బాయిని పిలిపించాం. నాకు అతని మీద చాలా ఆశ ఉండింది. కేబులు ఊడితే పైనుంచి వచ్చే అంకెలన్నీ చెదిరి, ఏ గడి పడితే ఆ గడి ఎర్రబడొచ్చు కదా. అదే జవాబు అయి ఉంటుందనుకున్నాను. అయి ఉండాలని కోరుకున్నాను కూడా.

ఫర్హాన్ నా ముందే కేబులు ఊడదీశాడు, తగిలించాడు, మళ్లీ ఊడదీశాడు. ప్రతిసారీ పై పెట్టెకు సంబంధించిన గడులన్నీ పసుపు రంగుకు మారి, సంబంధం తెగిపోయిందన్న మాట వచ్చింది. ఎరుపు రాలేదు. తలుపు గడి పసుపు కూడా కాలేదు, బూడిద రంగులోనే ఉండిపోయింది.

“దీదీ, స్విచ్చు లేదని ఈ గడిని నేనే ప్రోగ్రాంలో బంద్ చేసి పెట్టిన. దీనికి ఎర్ర రంగు వచ్చే దారే లేదు” అన్నాడు. జరిగిన అలారాలన్నీ స్క్రీను గుర్తుపెట్టుకుంటుంది కదా అని వెనక్కి జరిపి చూశాడు. నేను ప్లగ్గు కోసినప్పుడు సంబంధం తెగినట్టు ఉంది. తలుపు ఊసే లేదు. “మీరు జర పరేషాన్‌లో ఉన్నరేమో సార్” అన్నాడు మూర్తి గారితో, మెల్లగా.

ఇక నా వంతు. నాకు తోచిన వివరణలన్నీ రాస్తాను. చదివినవారికి ఇంకేదైనా తోస్తే మంచిదే.

తొడుగు పైన ఊడి ఉంది కాబట్టి బయటి గోల లోపలి వైర్లలోకి చేరి, ఏదో తప్పుడు సమాచారంగా కిందికి వెళ్లిందా? ఆ రకం నెట్‌వర్క్‌లో ప్రతి సమాచారం వెంట దాని తనిఖీ అంకె కూడా వెళ్తుంది. తనిఖీ కుదరకపోతే కింది ప్యానెల్ దాన్ని చెత్తబుట్టలో వేస్తుంది. గోల వల్ల సమాచారం పాడవడం రోజూ చూస్తాం. గోలే సరైన సమాచారంగా కుదరడం నేను వినలేదు. కుదిరినా, గడి బంద్ చేసి ఉంది.

మూర్తి గారు, నర్సింగన్న ఇద్దరూ భ్రమపడ్డారా? ఆ టవర్ గురించి కథలు విని విని ఉన్నారు కాబట్టి ఏదో కనిపించిందనుకోవచ్చు. కానీ భ్రమ పడేవాళ్లకు నీడో, అడుగుల చప్పుడో తోచాలి. తలుపు తెరిచి ఉందని ఎందుకు తోచింది? ఒకవేళ తోచిందే అనుకున్నా, అప్పుడు తలుపు నిజంగానే తెరిచి ఎందుకుంది?

నర్సింగన్న మనసులోనే అనుమానం పుట్టి, దాన్ని స్క్రీను మీద చూసినట్టు అనుకున్నాడా? అది సాధ్యమేనని ఒప్పుకుంటాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి తనకు తెలియకుండానే ఏదో లెక్క తప్పినట్టు తోచవచ్చు. కానీ యాదగిరన్న తలుపు మూసిన క్షణంలో గడి మారిందని ఆయన చెప్పింది నేను ఫోనులో విన్నాను. పైన తలుపు మూసినట్టు నేనింకా చెప్పలేదు.

నా స్వంత సాక్ష్యం ఇంతే. ఎర్ర గడిని నేను చూడలేదు. ఆ ప్రశ్న విన్నాను. నా చేతిలో తెగిన కేబుల్ ఉండగా, పైనున్న నాకే తెలియని సంగతి కిందినుంచి అడిగారు.

యాదగిరన్నకు ఏ గందరగోళమూ లేదు. ఆ ఆదివారమే ఇంటిల్లిపాదీ వెళ్లి మైసమ్మకు బోనం పెట్టి వచ్చారు. ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టి, “నీ పుస్తకాలల్ల లేనిది కూడా ఒకటుంటది చెల్లె” అన్నాడు. ఆయన కళ్లెదురుగా నిలబడి ఉన్నప్పుడు వాదించడానికి నోరు రాలేదు. ఆ వారం లైబ్రరీకి కూడా వెళ్లాను. తొడుగుల గురించిన అధ్యాయం మళ్లీ మొదటినుంచి చదివాను. అంతా అర్థమైంది, ఆ ఒక్క సంగతి తప్ప.

కొత్త ప్లగ్గు వేశాక, తొడుగును ఒక్క చివరే ఉంచాక, ఫ్యాను మళ్లీ ఎన్నడూ తనంతట తాను తిరగలేదు. నేను కనిపెట్టిన కారణం సరైనదే. తలుపుకు స్విచ్చు కూడా వచ్చింది. తలుపు తెరిస్తే ఎరుపు, మూస్తే ఆకుపచ్చ, ఏ వింతా లేదు. తువ్వాల స్థానంలో తాళం వచ్చింది. లోపలికి దిగే మనిషే తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుని దిగాలి. టీ కొట్టు దగ్గర కలిసిన ఆ కొత్తతనికి నేను చెప్పింది కూడా ఇదే. లోపల ఎవరున్నా, ఎంత మంచోళ్లయినా, తాళం నువ్వే వేసుకో తమ్ముడూ అన్నాను. వేస్తనన్నాడు. వేస్తాడో లేదో తెలియదు. అందుకే ఇంత రాశాను.

ఇది రాయడానికి చాలామంది సాయపడ్డారు. చూసింది చూసినట్టు చెప్పి, తన మాటగా రాసుకోమన్న మూర్తి గారికి కృతజ్ఞతలు. నమ్మకపోయినా ఒక పూటంతా కేబులు పీకి తగిలించిన ఫర్హాన్‌కు కృతజ్ఞతలు. అడిగిన పుస్తకం లేకపోతే వేరే శాఖ నుంచి తెప్పించే మా లైబ్రేరియన్ వసుంధర గారికి, ఈ కాగితాలు చదివి అర్థం కానిచోట గీత గీసి ఇచ్చిన యాదగిరన్న చిన్న కూతురు శ్రావణికి, తన పేరు దాచొద్దన్న యాదగిరన్నకు కూడా.

చివరగా నర్సింగన్నకు. అంతకు ముందు ఎన్నో వారాలుగా ఆ స్క్రీను రోజూ ఏదో ఒక అబద్ధపు అలారం మోగిస్తూనే ఉంది. వచ్చినదాన్ని వచ్చినట్టు చెరిపేసి పని చేసుకోవడం అక్కడ అందరికీ అలవాటైపోయింది. ఫ్యాను బటన్ మీద బొటనవేలు పెట్టి కూడా, ఆ ఒక్కదాన్ని చెరపకుండా పైకి ఫోను చేసి అడిగాడు. నీ పేరు రాసి దండం పెడుతున్నానన్నా అంటే ఒప్పుకోలేదు.

“నాకెందుకు ఉమమ్మా? నేను ఆపలే. చెయ్యే ఆగింది” అన్నాడు.

ఆ చేతికి వేరే పేరు నాకు తెలియదు. అందుకని నర్సింగరావు అనే రాస్తున్నాను.